కవర్ల లెక్క

ఆరాధన అయినంక
చాపలు చుట్టే చప్పుడుల
బల్ల కాడ కూసుండి కవర్లు చింపుత.
ముప్పై ఒక్క ఏండ్లు వరంగల్ డిపోల కండక్టర్‌ను,
నోటు ముట్టుకుంటె చాలు
అది యాడికెళ్లి వచ్చిందో జెప్త.
ఇది పాలకేంద్రంల తడిసింది.
ఇది కొంగు ముడిల నలిగింది.
ఇదేమో నిన్ననే బ్యాంకు దాటింది, ఇంకా మనుషులను చూడలేదు.
సలోమమ్మ నోట్లకు మాత్రం మిర్చి ఘాటు.
రెండు తుమ్ములు తుమ్మినంకనే లెక్క.

ఎనుమాముల యార్డుల తొడిమెలు తీస్తది ఆమె.
కవరు మీద పెన్సిలుతోని,
"ఆరు రోజులు. పద్దెనిమిది వందల నలభై."
లోపట నూట ఎనభై నాలుగు,
ఆ నాలుగూ బిళ్లలు.

నేనయితె పింఛన్ల
మందులు కొట్టేసి, కరెంటు బిల్లు కొట్టేసి
మిగిలినదాన్ని పదితోని భాగిస్త.
ఈ ముచ్చట పాస్టరుకు తెల్వదు.
దేవునికి తెల్సు, గాని ఆయన రసీదు అడగడు.

పాస్టరు జక్రయ్య మంచోడే.
ఇంటి కిరాయి ఈ కవర్లకెళ్లే,
బిడ్డ నర్సింగ్ ఫీజు ఈ కవర్లకెళ్లే,
అందుకే దశమ భాగం గురించి చెప్పేటప్పుడు
ఆయన గొంతు ఒక మెట్టు దిగుతది,
అప్పు అడిగినట్టు.

డిగ్రీ కాలేజీల పాఠం చెప్పే నెహెమ్యా
గేటు కాడ నన్ను ఆపి అంటడు,
"అది పాత ధర్మశాస్త్రం లెక్క తాతా,
మనం కృప కిందున్నం."
కావచ్చు. వాదించేటంత చదువు నాకు లేదు.
గాని కృప కిందికి వచ్చినకాడికెళ్లి
ఆయన కవరు బందయింది.
ప్లాట్ల ఏసుదాసేమో నాలుగు ఫ్యాన్లిచ్చిండు,
రెక్క రెక్కకూ పేరు రాయించిండు.
తిరిగినంత సేపు కనవడది,
కరెంటు పోతె సదువుకోవచ్చు.

నేను బస్సు మనిషిని, నాకు గిట్లనే తోస్తది.
పదో వంతు టికెట్టా?
టికెట్టయితె తియ్యనోన్ని నడిమిట్ల దింపాలె.
పరకాల రోడ్డు మీద, ఎండల,
పిల్లను సంకకెత్తుకున్న తల్లిని
ఎన్నిసార్లు చూసీ చూడనట్టు ముందలికి జరగలేదు నేను?
టికెట్టు కాదంటవా,
మరి డీజిలు ఎవడు పోస్తడు?
ఇక్కడ్నే ఆగుతది నా బండి.

మొన్న మార్చి ఆఖరి ఆదివారం
సలోమమ్మ కవర్ల నోట్లు లేవు. చీటీ ఉన్నది.
"అన్నా, ఈ వారం వంతు దేవునికి ఇయ్యలే.
నా పక్క కుప్ప మీద తీసే షాహెదాకు
కండ్లల్ల కారం వడి పుండయింది.
ఎంజీఎంకు ఆటో, చుక్కల మందు,
అన్ని కలిపి రెండు వందల పది.
నా వంతు నూట ఎనభై నాలుగే గద,
ఇరవై ఆరు మీదికెళ్లి పోయినయి, అవి పోనీ.
వంతు మాత్రం బాకీ రాసుకో.
వచ్చే వారం రెండు కలిపి ఇస్త."

షాహెదా మన చర్చి మొఖం చూసింది లేదు.
నేను రిజిష్టర్ తెరిచిన.
పేరు, అంకె, సంతకం,
మూడే గడులు.
బాకీ గడి లేదు, ఎన్నడు గియ్యలేదు,
ఇయ్యాల గీస్తె నా చెయ్యి నాకే బరువయితది.
అట్లని జక్రయ్య కిరాయిల
నూట ఎనభై నాలుగు తక్కువవడుడు సుత అబద్ధం కాదు.

నా పింఛను కాయిదం తీసిన.
మందులు కొట్టెయ్యకముందటి అంకెను
మళ్ల పదితోని భాగించిన.
ఎంత తేడా వచ్చిందో ఇక్కడ రాయను.
జేబుల చెయ్యి వెట్టి, తీసి,
మళ్ల వెట్టి,
తీసిన.

సలోమమ్మ ఎదురుంగ అంకె గడి ఖాళీ ఉంచి
సంతకం గడిల
"ముట్టింది" అని రాసిన.
ఎవలకో రాయలే.

తాళమేసి ఇంటికి పోతుంటె
కన్ను దురద వెట్టింది, నలుసుకున్న.
ఆ చీటీ పట్టిన యేలే.
యార్డు గేటు దాకా
మండుతనే ఉన్నది.